పిడుగుకు దారి చూపేది చెట్టులోని నీళ్లే

ఏప్రిల్, మే నెలల్లో మన పత్రికల జిల్లా పేజీల్లో రెండు రకాల ఫొటోలు తరచూ కనిపిస్తాయి. ఒకదాంట్లో ఇళ్ల మధ్య కొబ్బరిచెట్టు. పక్క డాబా మీంచి వాన నీళ్లు కారుతూనే ఉంటాయి, చెట్టు తల మాత్రం మండుతూ ఉంటుంది. ఇంకోదాంట్లో పొలం గట్టు మీది వేపచెట్టు. ఆకులన్నీ పచ్చగానే ఉంటాయి గాని, పైకొమ్మ నుంచి మొదలు దాకా జానెడు వెడల్పున బెరడు లేచిపోయి తెల్ల చెక్క బయటపడి ఉంటుంది. ఫొటోకు అందని మూడో రకం కూడా ఉంది. పిడుగు పడింది ఆ చెట్టు మీదేనని ఊళ్లో నలుగురూ చూసి ఉంటారు. చెట్టుకు చిన్న గీత కూడా పడదు. దాని కింద వానకు నిలబడిన మనుషులు మాత్రం ఇక లేవరు.

ఒక చెట్టు ఎందుకు మండింది, ఒకటి ఎందుకు చీలింది, ఇంకొకటి తనకేమీ కాకుండా నిలబడి కిందివాళ్లను ఎందుకు బలి తీసుకుంది? వీటన్నిటికీ జవాబు దాదాపు ఒక్కటే. ఆ క్షణంలో చెట్టు లోపల, చెట్టు మీద, చెట్టు చుట్టూ నీళ్లు ఎక్కడున్నాయన్నదే ముఖ్యం. ఎండు కర్రలో కరెంటు సరిగా పారదు. లవణాలు కరిగిన చెట్టు రసంలో పారుతుంది. మేఘం నుంచి నేలకు చేరాల్సిన కరెంటు చెట్టు దాకా వచ్చాక ఆ తడి దారినే పట్టుకుంటుంది. ఆ తర్వాత చెట్టుకు జరిగేదంతా ఆ దారిని బట్టే ఉంటుంది.

ముందు మేఘం సంగతి క్లుప్తంగా చూద్దాం. ఎండలు మండే రోజుల్లో మధ్యాహ్నం దాటాక నిలువుగా పెరిగే క్యుములోనింబస్ మేఘాల్లో మంచు పలుకులు, చిన్న వడగళ్లు గాలి ఊపుకు పైకీ కిందికీ కొట్టుకుంటూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఆ రాపిడిలో విద్యుదావేశం విడిపోయి, మేఘం కింది భాగంలో రుణావేశం పేరుకుంటుంది. అది భరించలేనంత అయ్యాక నేల వైపు బయల్దేరుతుంది. ఒక్క ఊపులో రాదు. సుమారు 50 మీటర్లకో మజిలీ చొప్పున, ఆగి ఆగి, కొమ్మలు వేసుకుంటూ దిగుతుంది. ఈ దిగుడు మొత్తం సెకనులో యాభయ్యో వంతులో అయిపోతుంది కాబట్టి మన కంటికి మజిలీలు కనపడవు.

చాలామంది ఎత్తయిన చెట్టు పిడుగును ఆకాశం నుంచే లాక్కుంటుందని అనుకుంటారు. అలా జరగదు. దిగుతున్న మెరుపుకు కింద ఏముందో చివరి దాకా పట్టదు. నేలకు వంద మీటర్ల లోపుకు వచ్చాకే కింద ఉన్న వస్తువుల కొసల నుంచి, అంటే చెట్టు తల, గుడి గోపురం, సెల్ టవర్, ఒక్కోసారి మనిషి తల నుంచి కూడా, సన్నని విద్యుత్ తీగలు పైకి ఎగబాకుతాయి. వాటిలో ఏది ముందు వెళ్లి కలిస్తే పిడుగు దాని మీద పడినట్టు. ఆ కాస్త దూరంలో పోటీ పడేవాటిలో ఎత్తయినది గెలిచే అవకాశం ఎక్కువ. మాగాణి మధ్య ఒంటరి తాడిచెట్టుకు పోటీయే ఉండదు. తోటలో అన్ని చెట్లూ ఒకే ఎత్తున ఉంటే ఎవరి వంతైనా రావచ్చు.

రెండు కొసలూ కలిసిన మరుక్షణం అసలు ప్రవాహం మొదలవుతుంది. మామూలు పిడుగులో అది సుమారు 30 వేల ఆంపియర్లు ఉంటుంది. మన ఇంట్లో గీజరు లాగే కరెంటు 10 ఆంపియర్లకు అటూ ఇటూ. మెరుపు దారిలోని గాలి 30 వేల డిగ్రీల దాకా వేడెక్కుతుంది. సూర్యుడి ఉపరితలం వేడి ఇందులో అయిదో వంతే. ఇంతటి వేడి తగిలిన చెట్టు బూడిద కాకుండా ఎలా మిగులుతుందన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. ఆ వేడి నిలిచేది సెకనులో పదివేలో వంతు కూడా కాదు. ఒక పిడుగులో ఉండే శక్తి మొత్తం సుమారు 100 కోట్ల జౌళ్లని లెక్క. కరెంటు మీటరు భాషలో చెబితే 280 యూనిట్ల లోపే. అందులోనూ ఎక్కువ భాగం గాలిని వేడెక్కించడానికీ, ఉరుముకూ, వెలుగుకూ ఖర్చయిపోతుంది. చెట్టుకు అందేది చిన్న వాటా. కాకపోతే అది అందే వేగం చెట్టు తట్టుకోగలిగింది కాదు.

ఇప్పుడు ఆ వేపచెట్టు దగ్గరికి వెళ్లి దగ్గరగా చూద్దాం. మాను అడ్డకోత కోస్తే నడుమ ముదురు రంగులో చేవ ఉంటుంది. అది చాలావరకు చచ్చిన చెక్క, చెట్టును నిలబెట్టడమే దాని పని. దాని చుట్టూ ఉన్న లేత రంగు చెక్కలోంచి వేళ్లు తాగిన నీరు పైకి ఎక్కుతుంది. ఆ పైన, బెరడుకు సరిగ్గా అడుగున, గోటితో గీరితే జిగురుగా తగిలే పలుచని పొర ఉంటుంది. దాని పేరు కేంబియం. ఏటా కొత్త చెక్కనూ కొత్త బెరడునూ పుట్టించేది అదే. చెట్టులో తడి అంతా ఈ బయటి వలయంలోనే ఉంది. పిడుగు కరెంటు పట్టుకునేదీ ఈ వలయాన్నే.

అలా పారినప్పుడు అక్కడి రసం కన్ను మూసి తెరిచేలోగా ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే ఉన్న చోటుకు పదహారు వందల రెట్లకు పైగా చోటు కావాలి. విజిల్ బిగుసుకుపోయిన కుక్కరు పేలడానికీ, బెరడు ఎగిరిపోవడానికీ కారణం ఒక్కటే: ఆవిరి పుట్టినంత వేగంగా బయటికి పోయే దారి లేకపోవడం. బెరడు పెచ్చులు పదుల అడుగుల దూరంలో పడి ఉండటం, వాటికి సన్నని నార పోగులు వేలాడుతూ ఉండటం పిడుగు పడిన చెట్టు చుట్టూ చూడొచ్చు. బయటపడిన చెక్క నడిమధ్య నిలువునా ఒక సన్నని పగులు కూడా ఉంటుంది. కరెంటు నడిచిన అసలు గీత చాలాసార్లు అదే. ఈ గాయం కొన్ని చెట్లలో తిన్నగా దిగుతుంది, కొన్నింటిలో మానును చుట్టుకుంటూ దిగుతుంది. చెక్క పోగు మెలి తిరిగి పెరిగిన చెట్టులో రసం దారి మెలి తిరిగి ఉంటుంది, కరెంటూ అలాగే తిరుగుతుంది.

ఇలా ఒక పక్క మాత్రమే బెరడు పోయిన చెట్టు సాధారణంగా బతుకుతుంది. మిగిలిన చుట్టులో నీళ్లు ఎక్కుతూనే ఉంటాయి. గాయం అంచుల నుంచి కేంబియం కొత్త కణాలను పుట్టించి, ఏడాదికి కొంత చొప్పున లోపలికి ఒరుసుకుంటూ వచ్చి మూసే ప్రయత్నం చేస్తుంది. పాత చింతల మీదా, వేపల మీదా నిలువుగా ఉబ్బిన పెదవులుండే మచ్చలు కొన్ని ఇలా ఏర్పడినవే.

కాండం లోపల పుచ్చిపోయి, ఆ పుచ్చులో చెమ్మ నిండి ఉంటే కథ మారుతుంది. కరెంటు నడుమకు వెళుతుంది. ఆవిరి లోపలి నుంచి తోస్తుంది. అప్పుడు మాను నిలువునా రెండుగా చీలడమో, ముక్కలై చెదిరిపోవడమో జరుగుతుంది. పైకి ఆరోగ్యంగా కనిపించిన ముసలి చెట్టు ఒక్క దెబ్బకు తునాతునకలైందని విన్నప్పుడు లోపలి పుచ్చును అనుమానించాలి.

దీనికి పూర్తి విరుద్ధంగా, పిడుగు పడినా ఏమీ కాని చెట్లున్నాయి. బెరడు నున్నగా ఉండి, అప్పటికే వానకు పూర్తిగా తడిసి ఉంటే, పై నుంచి కింది దాకా తెగకుండా ఒక నీటి పొర ఏర్పడుతుంది. కరెంటులో పెద్ద భాగం ఆ పొర మీదుగా, చెట్టు బయటనుంచే నేలకు దిగిపోతుంది. గరుకు బెరడు మీద నీటి పొర ముక్కలు ముక్కలుగా ఉంటుంది కాబట్టి కరెంటు లోపలికి దారి వెతుక్కుంటుంది. యూరప్‌లో ఓక్ చెట్లు ఎక్కువ చీలిపోయి కనిపించడానికీ, నున్నని బెరడున్న బీచ్ చెట్లు పెద్దగా దెబ్బ తినకపోవడానికీ చెప్పే కారణం ఇదే. అక్కడి పల్లెజనం దీన్ని చూసి, బీచ్ మీద పిడుగు పడదని, ఉరుములప్పుడు దాని కిందికి పోవచ్చని తరాలపాటు నమ్మారు. పిడుగు దాని మీదా పడుతుంది, మచ్చ మాత్రం మిగలదు. మచ్చ లేకపోవడాన్ని క్షేమంగా ఉన్నట్టు లెక్కవేసిన ఆ నమ్మకం ఎందరి ప్రాణాల మీదికి తెచ్చి ఉంటుందో.

ఇక కొబ్బరి, తాటి, ఈత, ఖర్జూరం. ఇవి వేప, మామిడిల కుదురు కాదు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం పనికిరానట్టే, వేపకు చెప్పిన లెక్క వీటికి పనికిరాదు. కొబ్బరి మొద్దును అడ్డంగా నరికిన వాళ్లకు తెలుసు, అందులో చేవ అని నడుమ, లేత చెక్క అని బయట ఉండవు. నీటి గొట్టాలు పీచు కట్టలతో కలిసి మొద్దంతా చెదిరి ఉంటాయి. బెరడు కింద కేంబియం ఉండదు. కాబట్టి కరెంటు ఒక పక్క నుంచి జారిపోవడం కాదు, మొద్దు లోపలంతా పారుతుంది. తగిలిన గాయాన్ని పూడ్చుకునే పొర కూడా ఆ చెట్టుకు లేదు. అన్నిటికంటే పెద్ద బలహీనత మొవ్వు. వేపకు వందల చివుళ్లుంటాయి, పది మాడిపోయినా మిగతావి పెరుగుతాయి. కొబ్బరికి, తాడికి ఉన్నది ఒక్క మొవ్వే. అది చెట్టు మొత్తంలో అతి ఎత్తున, పిడుగు తొలిగా తగిలే చోటే ఉంది. అది ఉడికిపోతే, మిగతా మొద్దు ఎంత గట్టిగా ఉన్నా చెట్టు చచ్చినట్టే.

కొబ్బరి తోటల్లో పిడుగు పడిన ఆనవాళ్లు కొన్ని రోజుల్లో బయటపడతాయి. మట్టలు మొదట్లో విరిగినట్టు ఒక్కసారిగా వాలిపోయి మొద్దును ఆనుకుని వేలాడతాయి. పిందెలు, కాయలు రాలిపోతాయి. మొద్దు మీద నిలువు పగుళ్లు వచ్చి వాటిలోంచి ఎర్రగోధుమ రంగు రసం కారుతుంది. కాండం నుంచి రసం కారే తెగులు ఒకటి వేరే ఉంది. ఆ తెగులు ఒక చెట్టు మీద నెమ్మదిగా ముదురుతుంది. పిడుగు దెబ్బ అయితే ఉరుముల వాన వెలిసిన కొద్ది రోజులకే, పక్కపక్కన ఉన్న కొన్ని చెట్లలో ఒకేసారి ఈ లక్షణాలు కనిపిస్తాయి. నడుమ ఉన్న చెట్టు ఎక్కువగా, చుట్టూ ఉన్నవి దూరాన్ని బట్టి తక్కువగా దెబ్బతింటాయి. మందులు కొట్టడానికి డబ్బు పెట్టేముందు రైతు ఈ తేడా చూసుకోవాలి.

మంట సంగతి ఇంకా మిగిలే ఉంది. సెకనులో పదివేలో వంతు నిలిచే కరెంటు చెక్కను పేల్చగలదు గాని అంటించడం కష్టం. కొన్ని పిడుగుల్లో మాత్రం ప్రధాన ప్రవాహం అయిపోయాక ఆ దారిలోనే కొన్ని వందల ఆంపియర్ల కరెంటు సెకనులో పదో వంతు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు పారుతూ ఉంటుంది. అడవులను అంటించేది ఈ నిదానపు ప్రవాహమే. తాడిచెట్టుకూ కొబ్బరిచెట్టుకూ అంటుకోవడానికి కావలసిన సామగ్రి తల మీదే సిద్ధంగా ఉంటుంది: ఎండిన కమ్మలు, మట్టల మొదట్లో ఉండే వలలాంటి పీచు. పై మట్టల కింద అవి పూర్తిగా తడవవు కూడా. అందుకే జోరువానలోనూ ఆ మంట ఆరదు. అడవిలో అయితే నిప్పు పుచ్చు మాను లోపలో, ఆకు చెత్త అడుగునో పొగలేకుండా రోజుల తరబడి రాజుకుని, ఎండ కాసి గాలి వీచిన రోజున పైకి లేస్తుంది.

ఇప్పటిదాకా చెప్పుకున్నవి కంటికి కనిపించే దెబ్బలు. కనిపించని దెబ్బలే ఎక్కువని తేలింది ఈ మధ్యనే. పనామా కాలువ కోసం నది మీద ఆనకట్ట కట్టినప్పుడు ఏర్పడిన బారో కొలరాడో అనే దీవిలో స్మిత్సోనియన్ సంస్థకు పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ స్టీవ్ యానోవియాక్, ఎవాన్ గోరా బృందం టవర్ల మీద కెమెరాలు పెట్టి, వేర్వేరు కోణాల నుంచి తీసిన మెరుపుల చిత్రాలను కలిపి, ఏ పిడుగు సరిగ్గా ఏ చెట్టు మీద పడిందో గుర్తుపట్టింది. తర్వాత ఆ చెట్ల దగ్గరికి నెలల తరబడి వెళ్లి చూసింది. చాలా చెట్ల మీద చీలిక లేదు, మచ్చ లేదు, కాలిన గుర్తు లేదు. అయినా అవి మెల్లగా చచ్చిపోతున్నాయి. చుట్టుపక్కల చెట్లలోనూ పిడుగు పడిన చెట్టు వైపున్న కొమ్మలే ఎండుతున్నాయి. కరెంటు ఆకు కొసల నుంచి ఆకు కొసలకు దూకి, అడవి తీగల వెంట పాకి, పక్క చెట్లకు చేరిందన్నమాట.

2020లో వాళ్లు ప్రకటించిన లెక్క ప్రకారం ఆ అడవిలో ఒక పిడుగు సగటున 23, 24 చెట్లను గాయపరుస్తుంది. వాటిలో అయిదారు ఏడాది తిరిగేలోగా పోతాయి. ఆ దీవిలో మహావృక్షాల మరణాల్లో 40 శాతం పిడుగుల ఖాతాలోనివే. అంతకుముందు వీటిని వయసు మీదపడో, కరువుకో, తెగులుకో పోయినవని రాసుకునేవాళ్లు. 2025లో జర్మనీలోని మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు ఈ రకం సమాచారాన్ని ప్రపంచమంతటి అడవుల నమూనాకు కలిపి చూస్తే, పిడుగు దెబ్బకు నేరుగా చచ్చే చెట్లు ఏడాదికి 32 కోట్లని అంచనా తేలింది. కార్చిచ్చులో పోయేవి ఇందులో కలపలేదు.

చెట్టు వెంటనే చావకపోవడానికి కారణం ఉంది. కరెంటు వేడికి నీటి గొట్టాల్లో బుడగలు పట్టి కొన్ని మూసుకుపోతాయి. సన్నని వేళ్లు మాడతాయి. చెట్టు తనలో నిలవ ఉన్న పిండి పదార్థంతో కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. బలహీనపడిన చెట్టును పురుగులు పసిగడతాయి. మన కొబ్బరిలో అయితే పగుళ్ల నుంచి కారే రసం వాసనకు ఎర్రముక్కు పురుగు చేరుతుంది. చివరికి రైతు కళ్లకు పురుగే కనిపిస్తుంది, పిడుగు మరుగున పడుతుంది.

అదే దీవిలో అల్మెండ్రో అనే చెట్టు ఉంది. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు డిప్టెరిక్స్ ఒలీఫెరా. పిడుగు పడిన ఇతర జాతుల చెట్లలో 64 శాతం రెండేళ్లలో చచ్చిపోతే, పిడుగు తగిలిన తొమ్మిది అల్మెండ్రోలూ నిక్షేపంగా ఉన్నాయి. వాటిని పట్టుకు వేలాడుతున్న అడవి తీగలు మాత్రం మూడొంతులకు పైగా మాడిపోయాయి. పోటీకి నిలబడిన పక్క చెట్లు సగటున తొమ్మిది చొప్పున చచ్చిపోయాయి. అల్మెండ్రోకు ఎండ పెరిగింది, బరువు తగ్గింది. పిడుగును తట్టుకుని బతకగలగడం వల్ల ఆ చెట్టు జీవితకాలంలో విత్తనాలు వేసే సామర్థ్యం 14 రెట్లు పెరుగుతుందని లెక్క కట్టారు. పెద్ద అల్మెండ్రోకు సగటున 56 ఏళ్లకోసారి పిడుగు తగులుతుందట. దీని చెక్కలో కరెంటు మిగతా చెట్లకంటే సులువుగా పారుతుందని, అందుకే లోపల వేడి పుట్టదని పరిశోధకుల అంచనా. దారి సాఫీగా ఉంటే దారికి దెబ్బ తగలదు. పిడుగుల మీద నేను చదివిన వాటిలో ఇంతకంటే ఆశ్చర్యపరిచింది లేదు.

పెరట్లో చెట్టు మీద పిడుగు పడితే ఏం చేయాలని అడిగేవాళ్లుంటారు. తొందరపడి నరికించకండి. ముందు ఆ పక్కకు వెళ్లే కరెంటు తీగలు తెగాయేమో దూరం నుంచే చూసుకోవాలి. విరిగి వేలాడే కొమ్మలు తీయించాలి. తొర్రలోంచి పొగ వస్తుందేమో ఒకటి రెండు రోజులు కనిపెట్టాలి. వేప, మామిడి, చింత అయితే ఊడి వేలాడే బెరడు తీసేసి, వేసవిలో నీళ్లు పెట్టి, కనీసం ఒక వానాకాలం ఆగి చూడాలి. కొబ్బరి అయితే మొవ్వును చూస్తూ ఉండాలి. కొత్త ఆకు వస్తే బతికినట్టు. మొవ్వు లాగితే ఊడి వచ్చి కుళ్లు వాసన కొడితే ఆ చెట్టు మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. దాన్ని కొట్టించి తోట నుంచి తీసేయడమే మేలు. కుళ్లే మొద్దులో కొమ్ము పురుగు గుడ్లు పెట్టి పక్క చెట్లకు ఎగబడుతుంది. విదేశాల్లో చారిత్రకమైన చెట్లకు తల నుంచి నేల దాకా రాగి తీగ కట్టి, వేళ్లకు దూరంగా భూమిలో దించుతారు. అల్మెండ్రోకు ప్రకృతి ఇచ్చిన సాఫీ దారిని ఇక్కడ మనిషి కడుతున్నాడన్నమాట.

ఇక చెట్టు కింద నిలబడిన మనిషి. 2022లో మన దేశంలో పిడుగుపాటుకు చనిపోయినవాళ్లు 2,887 మంది అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ప్రకృతి వైపరీత్యాల మరణాల్లో ఇది మూడో వంతుకు పైనే. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఏటా చనిపోయేవాళ్లలో ఎక్కువమంది కూలికి వెళ్లినవాళ్లు, రైతులు, గొర్రెల కాపరులు. వాన మొదలవగానే వాళ్లకు కనిపించే నీడ చెట్టే.

చెట్టు కింద ఏం జరుగుతుందో అర్థమైతే ఎవరూ అక్కడ నిలబడరు. చెట్టు రసంలో కరెంటు పారుతుంది నిజమే, కానీ కష్టంగా పారుతుంది. మనిషి ఒంట్లో రక్తం ఉప్పునీరు, చెట్టు రసంకంటే ఎంతో బాగా పారనిస్తుంది. 30 వేల ఆంపియర్లు మాను గుండా దిగుతున్నప్పుడు, మనిషి తల ఎత్తున ఉన్న చోటుకూ నేలకూ మధ్య వోల్టేజి లక్షల్లోకి వెళుతుంది. ఆ ఒత్తిడికి కరెంటు మాను వదిలి, మధ్యలో ఉన్న అడుగో రెండడుగులో గాలిని చీల్చుకుని, పక్కనున్న మనిషిలోకి దూకుతుంది. కొన్ని మీటర్ల దూరం కూడా దూకగలదు. చెట్టును తాకకపోతే చాలనుకోవడం అందుకే పొరపాటు. చెట్టుకు మచ్చ లేకుండా మనిషి చనిపోయిన ఆ మూడో రకం సంఘటనల గుట్టు ఇక్కడుంది. కరెంటు తన దారిని చెట్టు నుంచి మనిషికి మార్చుకుంది.

దూకని కరెంటు కూడా వదలదు. మొదట్లోకి దిగి, వేళ్ల వెంట, తడి మట్టిలో చుట్టూ పరుచుకుంటుంది. చెట్టుకు దగ్గరున్న నేలకూ దూరంగా ఉన్న నేలకూ వోల్టేజిలో తేడా ఉంటుంది. రెండు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడితే ఆ తేడా ఒక కాలి నుంచి ఎక్కి ఇంకో కాలి నుంచి దిగుతుంది. పశువుకు ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ నడుమ దూరం ఎక్కువ, గుండె ఆ దారిలోనే ఉంది. చెట్టు కింద గుమిగూడిన మేకలు, గొర్రెలు ఒకేసారి కుప్పకూలడానికి కారణం ఇదే. 2016 ఆగస్టులో నార్వేలోని హర్డాంగర్‌విడ్డా పీఠభూమిలో వానకు దగ్గరదగ్గరగా చేరిన 323 రెయిన్‌డీర్లు ఒకే ఉరుముల వానలో చచ్చిపడ్డాయి. అక్కడ చెట్టు కూడా లేదు, నేలలో పారిన కరెంటు చాలింది.

మెరుపు కనిపించాక ఉరుము వినపడేలోపు 30 సెకన్లు లెక్కపెట్టలేకపోతే పిడుగు పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు. చినుకు పడకముందే పిడుగు పడొచ్చు. పక్కా ఇల్లు, బడి, నలువైపులా మూసిన బస్సో కారో భద్రం. ట్రాక్టరు, ఆటో, పాక, మంచె కావు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే బయటికి రావాలి. ఏ ఆసరా లేని పొలంలో చిక్కుకుంటే చెట్టుకూ కరెంటు స్తంభానికీ దూరంగా, పల్లంలో, పాదాలు రెండూ దగ్గరికి చేర్చి గొంతుక్కూర్చోవాలి. పడుకోకూడదు. నలుగురుంటే నలుగురూ ఎడంగా ఉండాలి. పెద్దవాళ్లు ఉరిమినప్పుడు అర్జునా, ఫల్గుణా అని తలుచుకుంటారు. తలుచుకోవడం మంచిదే, ఇంట్లోకి వచ్చి తలుచుకోమని చెప్పాలి. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొట్టదు. ఊపిరి ఆగిపోయి ఉంటే వెంటనే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టి, ఇంకొకరి చేత 108కు ఫోన్ చేయించాలి. కొన్నిచోట్ల పేడలో కప్పిపెడతారు. బతికే అవకాశమున్న నిమిషాలు ఆ పనిలోనే గడిచిపోతాయి.

పిడుగుల చావులు పెరిగాయని 2016లో బంగ్లాదేశ్ పిడుగుపాటును ప్రకృతి విపత్తుగా ప్రకటించి, తాటి టెంకలు, మొక్కలు లక్షల్లో నాటించింది. ఒడిశా కూడా ఈ మధ్య అదే దారి పట్టింది. తాడి ఎత్తుగా ఉంటుంది, పిడుగు దాని మీద పడుతుంది, మనుషుల మీద పడదు అన్నది ఆలోచన. తాడి మంచి చెట్టు, ముంజెల కోసమో కల్లు కోసమో ఎన్ని నాటినా సంతోషమే. కానీ పిడుగుకు మందుగా దాన్ని నమ్ముకోవడం నాకు సరిగా తోచదు. తాడి పూత పట్టడానికే పన్నెండు నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. పెరిగాక కూడా అది రాగి తీగ కాదు, దాని రసం మనిషి రక్తం కంటే కరెంటుకు కష్టమైన దారే. దాని కింద కూర్చున్న గీత కార్మికుడికి, ఆ గట్టున నాట్లు వేసే ఆడవాళ్లకు అది ప్రమాదాన్ని దగ్గరికి తెస్తుంది.

ఇప్పుడు మన దగ్గర ముందస్తు సమాచారం ఉంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్ ఉంది, విపత్తుల సంస్థ మండలాల పేర్లతో ఫోన్లకు పంపే హెచ్చరికలున్నాయి. సందేశం వచ్చాక పరుగెత్తి చేరుకోవడానికి చోటు లేకపోవడమే కొరత. మిరప కోతల కాలంలో ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న కూలీలకు ఆ సందేశం ఏం చెప్పినా, చుట్టూ చూస్తే చెట్టే కనిపిస్తుంది. పొలాల మధ్య అక్కడక్కడా స్లాబు వేసి, పైన కడ్డీ నిలబెట్టి, భూమిలోకి రాగి పట్టీ దించిన ఒక గది, ముప్పై మంది నిలబడేంతది, పంచాయతీ నిధులతో కట్టలేనిది కాదు. టెంకలు నాటే పథకాల కంటే ముందు ఆ గది కట్టాలి.